మిట్ట మీద ఆగే బండి



బచ్చన్నపేట నుంచి జనగామకు సుమారు ఇరవై కిలోమీటర్ల దారి. ఇటు చేర్యాల వైపు పోతే సిద్దిపేట జిల్లా, అటు కొలనుపాక మీదుగా ఆలేరు వైపు పోతే యాదాద్రి భువనగిరి జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాక మన బచ్చన్నపేట మండలం జనగామ జిల్లాలో చేరింది కానీ, మనవాళ్ల చుట్టరికాలు, బేరాలు, మొక్కులు మూడు జిల్లాల్లోనూ అట్లాగే ఉన్నాయి. వాటన్నిటికీ తిరిగేది మోటారుసైకిలే. తెల్లవారకముందే పాల క్యాన్లు మోసేది అదే. పొలానికి ఎరువు బస్తా పోయేది దాని మీదే. రాత్రిపూట పిల్లకు జ్వరం ముదిరితే నడుమ కూర్చోబెట్టుకొని ఆస్పత్రికి తీసుకపోయేదీ దాని మీదే. ఇంత పని చేసే బండిలో దాదాపు అన్నిటికన్నా చవకైన సామాను ఒకటుంది. పెట్రోల్ ఫిల్టరు. అది మూసుకుపోకముందే ఎందుకు మార్చాలో, ఎట్లా మార్చాలో ఈ పూట చెప్తాను.

మెకానిక్ దుకాణం ముందు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అన్నా, బండి గుంజుతలేదు. ఇంటికాడ మంచిగనే స్టార్ట్ అయితది. రోడ్డెక్కినంక ఎక్సలేటర్ ఇస్తే కొట్టుకుంటది, బంద్ అయితది. జరసేపు ఆపి కిక్కు కొడితే మళ్ల పోతది." ఈ నాలుగు ముక్కల్లో రోగమంతా ఉంది. కానీ అడిగినవాడికి ముందు అనుమానం ప్లగ్గు మీదికి పోతుంది. ప్లగ్గు మార్పిస్తాడు, తగ్గదు. తర్వాత కాయిలు అంటారు, తర్వాత కార్బొరేటరు విప్పుతారు, చివరికి "బోరు పోయిందేమో" అనే దాకా వస్తుంది. చేతి డబ్బులు పోతాయి, రెండు పూటల పని పోతుంది. పెట్రోల్ పైపు మధ్యలో వేలెడంత ప్లాస్టిక్ డబ్బా మాత్రం ఎవరి కంటా పడకుండా అక్కడే ఉంటుంది.

ఇంటి దగ్గర బాగా నడిచిన బండి ఊరు దాటాక ఎందుకు ఆగుతుంది? దీన్ని కాస్త నిమ్మళంగా చూద్దాం, అసలు సంగతి ఇక్కడే ఉంది.

పాత కార్బొరేటరు బండ్లలో పెట్రోల్‌ను తోసే పంపు లేదు. ట్యాంకు పైన ఉంటుంది, కార్బొరేటరు కింద ఉంటుంది, పెట్రోల్ తన బరువుతో తానే దిగుతుంది. ట్యాంకు నుంచి కాక్, కాక్ నుంచి పైపు, పైపు నడుమ ఫిల్టరు, అక్కడి నుంచి కార్బొరేటరు. కార్బొరేటరు అడుగున ఫ్లోట్ చాంబరు అని చిన్న గిన్నె ఉంటుంది. అందులో పట్టేది నాలుగైదు చెంచాల పెట్రోలే, ఇంచుమించు 20 మిల్లీలీటర్లనుకోండి. ఇంజను తాగేది ఈ గిన్నెలోంచే. గిన్నె తరిగితే పైనుంచి నిండుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 వేగంతో పోతుంటే గంటకు ఒక లీటరు తాగుతుంది. అంటే నిమిషానికి 17 మిల్లీలీటర్లు. వాకిట్లో స్టార్ట్ చేసి ఊరికే నడిపితే అందులో నాలుగో వంతో ఐదో వంతో చాలు. ఫిల్టరు సగానికి పైగా మూసుకుపోయి నిమిషానికి 10 మిల్లీలీటర్లే వదులుతుందనుకుందాం. వాకిట్లో ఏ లోటూ కనిపించదు, గిన్నె నిండుగానే ఉంటుంది. రోడ్డెక్కి 60కి వచ్చారు. ఇప్పుడు నిమిషానికి 7 మిల్లీలీటర్లు తక్కువ పడుతోంది. గిన్నెలో ఉన్న 20 మిల్లీలీటర్లు ఆ లోటును మూడు నిమిషాలు భరిస్తాయి. మూడు నిమిషాలంటే మూడు కిలోమీటర్లు. సరిగ్గా ఊరు దాటి పొలాల నడుమకు వచ్చాక బండి కొట్టుకోవడం మొదలవుతుంది. అదే వెనక రెండు పాల క్యాన్లున్నాయి, మిట్ట ఎక్కుతున్నారు, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పారు అనుకోండి. అప్పుడు ఇంజను నిమిషానికి 30, 35 మిల్లీలీటర్లు అడుగుతుంది. గిన్నె ఒక నిమిషం కూడా ఆగదు. బండి ఆపి, దిగి, దమ్ము తీసుకొని, ఎవరికో ఫోన్ చేసేలోగా గిన్నె మళ్లీ నిండుతుంది. కిక్కు కొడితే స్టార్ట్ అవుతుంది. "బాగైంది" అనుకొని మళ్లీ ఎక్కుతారు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ఫిల్టరు మూసుకుపోతున్న సంగతి వాకిట్లో తెలియదు, బరువు పడ్డప్పుడే తెలుస్తుంది. బరువు పడేది మిట్ట మీద, లారీని దాటేటప్పుడు, ఆస్పత్రికి ఉరికేటప్పుడు. లక్షణం కనిపించాక మారుద్దాం అనుకుంటే ఆ లక్షణం కనిపించేది ఆ చోట్లనే. జనగామ చేరి వరంగల్ హైవే మీదికి ఎక్కి, వెనక నుంచి వస్తున్న బస్సుకూ మన ముందున్న ట్రాక్టరుకూ నడుమ బండి ఒక్కసారి చచ్చుబడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది మన పాత బండ్ల బాధ మాత్రమే కాదు. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్‌కు వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 విమానం హీత్రూ విమానాశ్రయంలో రన్‌వేకు ముందే నేలకు దిగింది. అందులో 152 మంది ఉన్నారు, అందరూ బతికారు. దర్యాప్తు చేసిన బ్రిటన్ నిపుణులు తేల్చింది ఇది: దారి పొడవునా గడ్డకట్టించే చలిలో ఎగరడంతో ఇంధనంలో ఉన్న కొద్దిపాటి నీరు మంచుగా మారి పైపుల లోపల పేరుకుంది. గంటల తరబడి ఇంజన్లు నెమ్మదిగా నడుస్తుంటే ఏ తేడా రాలేదు. దిగబోయే ముందు ఇంజన్లు ఎక్కువ ఇంధనం అడిగాయి, ఆ ఉరవడికి మంచు కదిలి వచ్చి ఇంధనం పోయే సన్న గొట్టాల మొహానికి అడ్డం పడింది. రెండు ఇంజన్లూ శక్తి ఇవ్వలేకపోయాయి. ఆ తర్వాత ఆ భాగం తయారీనే మార్చారు. విమానమైనా, మన వంద సీసీ బండైనా, తక్కువ అడిగినప్పుడు దాగి ఉండే అడ్డు ఎక్కువ అడిగినప్పుడే అడ్డం తిరుగుతుంది.

మరి ఈ చెత్త ఎక్కడినుంచి వస్తుంది? బంకులో పోసిన పెట్రోల్ చూస్తే తేటగానే ఉంటుంది కదా అంటారు.

మొదటిది ట్యాంకు లోపలి తుప్పు. మనవాళ్లలో చాలామంది వంద రూపాయలకు, రెండొందలకు పోయిస్తారు. తప్పని కాదు, చేతిలో ఉన్నంతే పోయిస్తాం. కానీ ట్యాంకు ఎప్పుడూ ముప్పావు ఖాళీగా ఉంటే ఆ ఖాళీ అంతా గాలే. రాత్రి చల్లబడ్డప్పుడు ఆ గాలిలో తేమ రేకుకు చెమటలా పడుతుంది. నీళ్లు పెట్రోల్‌కన్నా బరువు, అడుగుకు చేరతాయి. అడుగున రేకు తుప్పు పడుతుంది. వానాకాలం మూత రబ్బరు గట్టిపడి ఉంటే వాన నీళ్లు కూడా తోడవుతాయి. ఏళ్లు గడిచిన బండి ట్యాంకులోకి టార్చి వేసి చూడండి, అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే మీ ఫిల్టరు రోజూ తింటున్నది అదే.

రెండోది సీసా పెట్రోల్. ఊళ్లో కిరాణా దుకాణాల్లో నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పెట్రోల్ అమ్ముతారు. రాత్రిపూట ఆపద్ధర్మంగా కొంటాం. ఆ సీసా అడుగున ఎన్ని నీటి చుక్కలున్నాయో, పోసే గరాటకు ఎంత దుమ్ము పట్టిందో ఎవరూ చూడరు. మన చెల్క మన్ను ఎంత సన్నమో మీకు తెలుసు. అది గరాటలోంచి ట్యాంకులోకి, అక్కడినుంచి పైపులోకి పోతుంది. తప్పనిసరై సీసా పెట్రోల్ పోయాల్సి వస్తే గరాటలో సన్నని జాలీ పెట్టండి, సీసా అడుగున మిగిలిన చివరి చుక్కలు పోయకండి.

మూడోది పెట్రోల్‌లో ఇథనాల్. మన దేశంలో 2003లోనే కలపడం మొదలైంది. 2022 జూన్‌కు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న 20 శాతం కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైంది, 2025కల్లా దేశమంతా ఇంచుమించు అదే. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి ఇథనాల్ తీస్తారు, రైతుకు దానివల్ల గిరాకీ పెరిగింది. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పాత బండి ఉన్నవాళ్లు దాని గుణం తెలుసుకోవాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కొంత మేరకు నీటిని తనలో కలుపుకుంటుంది, ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాంకులో కాక్ ఉండేది అడుగునే. ఇంకో గుణం, అది ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి అంటుకున్న జిగటను కరిగించి వదిలిస్తుంది. ఆ వదిలినదంతా ఫిల్టరుకే చేరుతుంది. పాత రబ్బరు పైపులు గట్టిపడి, పగిలి, లోపలినుంచి నల్లని పొడి రాల్చడమూ ఉంది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం మంత్రిత్వ శాఖ కూడా చెప్పింది. అందుకని ఫిల్టరు మార్చే రోజునే ఆ జానెడు పైపు కూడా మార్చేయమంటాను.

మార్చి పడేసిన ఫిల్టరును ఆరుబయట బాగా ఆరనిచ్చి, ఆక్సా బ్లేడుతో కోసి చూస్తే విషయం చేతికి అందుతుంది. లోపల పేపరు మడతలు మడతలుగా ఉంటుంది. కొత్తప్పుడు లేత పసుపు రంగు. పాతదానిలో పెట్రోల్ వచ్చే వైపు మడతల సందుల్లో కాఫీ పొడి రంగు తుప్పు, దానిలో ఎర్ర మన్ను, అక్కడక్కడ పాలిథీన్ పోగులు. వేలితో రుద్దితే గరగరలాడుతుంది. మడతకు అవతలి వైపు చూడండి, శుభ్రంగా ఉంటుంది. మూసుకుపోయిన ఫిల్టరు చెడ్డ ఫిల్టరు కాదు, తన పని తాను పూర్తిగా చేసింది. ఇక దాన్ని దించాల్సింది మనం.

డ్రిప్పు పెట్టిన రైతులకు ఇది చెప్పనే అక్కర్లేదు. బోరు నీళ్లు తేటగా కనిపించినా ఫిల్టరు జాలీలో ఇసుక నిండుతుంది, చివరి చెట్లకు నీళ్లు అందవు. అందుకే మొక్క వాడేదాకా ఆగకుండా వారానికోసారి విప్పి కడుగుతారు. పెట్రోల్ ఫిల్టరుకూ అదే జాగ్రత్త కావాలి, కానీ ఒక్క తేడా ఉంది. డ్రిప్పు జాలీని కడిగి మళ్లీ వేస్తాం. పేపరు ఫిల్టరును కడగరాదు. కొందరు గాలి పంపు పెట్టి వెనక్కి ఊదుతారు. ఊదితే పేపరు చిరుగుతుంది, చెత్త శుభ్రంగా ఉన్న వైపుకు చేరుతుంది. అట్లాంటి ఫిల్టరు లేనిదానికన్నా చెరుపు, ఎందుకంటే ఫిల్టరు ఉందన్న ధైర్యంతో మనం తిరుగుతుంటాం.

ఇంకొందరు ఫిల్టరు తీసేసి డైరెక్టు పైపు పెట్టిస్తారు. బండి ఆ పూటకు బ్రహ్మాండంగా పోతుంది. తర్వాత ఆ చెత్త కార్బొరేటరులోకి దిగుతుంది. అందులో మెయిన్ జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. పైలట్ జెట్ రంధ్రం అందులో సగం కూడా ఉండదు. ఒక్క రేణువు చాలు. ఆ రేణువు ఫ్లోట్ సూది కింద ఇరుక్కుంటే పెట్రోల్ ఆగకుండా పొర్లి వేడి ఇంజను మీదికి కారుతుంది. బండి ఆగడంతో పోయేది మంట దాకా వస్తుంది. డైరెక్టు పైపు ఎవరు పెడతామన్నా వద్దనండి.

టూ స్ట్రోక్ ఇంజన్ల సంగతి ఇంకా సున్నితం. పాత టీవీఎస్ ఎక్సెల్ బండ్లు ఇప్పటికీ మన పొలం బాటల్లో తిరుగుతున్నాయి, మందు కొట్టే తైవాన్ పంపుల్లోనూ చాలావరకు అదే రకం ఇంజను. వీటిలో ఆయిలును పెట్రోల్‌లోనే కలుపుతాం. పెట్రోల్ తక్కువ అందిందంటే ఆయిలు కూడా తక్కువ అందినట్టే. ఇంజను వేడెక్కుతుంది, పిస్టన్ గీరుకుంటుంది, చివరికి పట్టేస్తుంది. తైవాన్ పంపు ట్యాంకులో పైపు చివర చిన్న ఫిల్టరు గుండు ఉంటుంది. సీజను మొదట్లో ఒక తీగ కొక్కెంతో దాన్ని పైకి లాగి చూడండి. నల్లబడి ఉంటే మార్చండి.

ఇక మీ బండికి వచ్చింది ఫిల్టరు రోగమో కాదో పోల్చుకోవడం. ముందు చేయాల్సిన పని చాలా సులువు. బండి ఆగినప్పుడు ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టండి. మూతలో గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ దిగిన కొద్దీ ఆ దారిన గాలి లోపలికి రావాలి. దుమ్ముతో అది మూసుకుపోతే ట్యాంకులో పెట్రోల్ ఉండి కూడా కిందికి దిగదు. వాన పడుతుందని మూత కింద పాలిథీన్ కవరు పెట్టేవాళ్లు మన దగ్గర చాలామంది, అది గాలిని కూడా ఆపేస్తుంది. మూత తీయగానే బండి సరిగా నడిస్తే ఫిల్టరును నిందించకండి, మూత శుభ్రం చేయండి.

మూతతో తీరకపోతే చోక్ చూడండి. బండి కొట్టుకుంటున్నప్పుడు చోక్ కొంచెం లాగితే కుదుట పడిందంటే ఇంజనుకు పెట్రోల్ తక్కువ అందుతోందని అర్థం. ప్లగ్గు రోగమైతే చోక్‌తో తగ్గదు. అప్పుడు ఇంజను పూర్తిగా చల్లారాక కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీసి, పొడి గాజు సీసాలోకి వదిలి, కాక్ ఆన్ చేసి ఒక నిమిషం చూడండి. నా అనుభవంలో నిమిషానికి టీ గ్లాసెడు పెట్రోల్ ధార తెగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే, మొదట ధారగా వచ్చి తర్వాత సన్నబడితే అడ్డు ఉన్నట్టే. ఫిల్టరుకు ముందు పైపు ఊడదీసి మళ్లీ చూస్తే అడ్డు ఫిల్టరులోనా, ట్యాంకు కాక్ జాలీలోనా తెలిసిపోతుంది. కొన్ని స్కూటర్లలో ఇంజను తిరిగితేనే కాక్ తెరుచుకుంటుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

మార్చే పని పది నిమిషాలది. కానీ పెట్రోల్‌తో పని, అందుకని జాగ్రత్తలు ముందు చెప్తాను. ఆరుబయట చేయండి, పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల బారున పాకుతుంది. వాకిట్లో మీరు పైపు విప్పుతుంటే దరిదాపుల్లో ఎక్కడా వంటింటి పొయ్యి వెలుగుతుండకూడదు, తులసి కోట దగ్గర దీపం కూడా. చూడ్డానికి వచ్చిన కాకా చేతిలో బీడీ ఉంటే మర్యాదగా దూరం పంపండి. పక్కన ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి.

ఇంకొకటి, ట్యాంకులోంచి పెట్రోల్ తీయడానికి పైపు పెట్టి నోటితో గుంజే అలవాటు మన దగ్గర ఉంది. దయచేసి మానండి. ఒక్క గుక్క పొరబారి ఊపిరితిత్తుల్లోకి పోతే లోపల పుండుపడి న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. వాంతిలో అదే పెట్రోల్ మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆస్పత్రికి తీసుకపోవాలి.

పని ఇంతే. కాక్ బంద్ చేయండి. పాత ఫిల్టరు రెండు వైపులా క్లిప్పులు పట్టకారుతో నొక్కి వెనక్కి జరపండి, పైపును లాగకుండా మెలితిప్పుతూ ఊడదీయండి, కారే పెట్రోల్ గుడ్డతో పట్టండి. కొత్త ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం కార్బొరేటరు వైపు చూడాలి. తిరగేసి పెడితే పని చేసినట్టే కనిపిస్తుంది, త్వరగా మూసుకుపోతుంది. పైపు ఎక్కడా మడత పడకూడదు, పైకి లేచి మళ్లీ దిగేలా ఉండకూడదు, సిలిండరును ఆనకూడదు. పాత క్లిప్పులు వదులైతే కొత్తవి వేయండి. కాక్ తెరిచి, రెండు నిమిషాలు ఆగి, అతుకుల దగ్గర వేలు పెట్టి చూడండి. తడి తగిలితే స్టార్ట్ చేయకండి. ఫిల్టరు లోపల సగం గాలి కనిపిస్తే కంగారు పడొద్దు, ఈ రకం బండ్లలో అది మామూలే.

దుకాణంలో అడిగేటప్పుడు బండి పేరు చెప్పి దానికి తగిన ఫిల్టరే అడగండి. "పెద్దదైతే ఎక్కువ రోజులు వస్తది" అని కారు ఫిల్టరు పెట్టినవాళ్లున్నారు. కారులో పెట్రోల్‌ను పంపు తోస్తుంది. మన బండిలో ట్యాంకుకూ కార్బొరేటరుకూ నడుమ ఉన్న ఎత్తు జానెడో మూరెడో, ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడి కొత్త రకం ఇంజెక్షను బండి పంపు ఒత్తిడిలో ఇంచుమించు నూరో వంతు. ఆ కొద్ది ఒత్తిడికి గట్టి ఫిల్టరు దారి ఇవ్వదు. సరైన ఫిల్టరు ధర చాలా బండ్లకు ఒక లీటరు పెట్రోల్ ధరకు మించదు.

ఎన్నాళ్లకు మార్చాలి? మీ బండి పుస్తకంలో రాసి ఉంటే అదే మాట. పుస్తకం పోయినవాళ్లకు, పాత ట్యాంకు ఉన్నవాళ్లకు, మట్టి బాటల్లో తిరిగేవాళ్లకు నా సలహా: ఏడాదికోసారి, వానాకాలం దాటాక. మనకు ఇందులో ఒక వీలు కూడా ఉంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతర. ఊళ్లకు ఊళ్లు బండ్ల మీద కదులుతాయి, ఒక్కో బండి మీద ముగ్గురు, బోనం సామాను. అంత బరువుతో, అంత రద్దీలో బండి కొట్టుకోకుండా ఉండాలంటే సంక్రాంతికి ముందే మార్చుకోవడం మేలు. ట్రాక్టరు డీజిల్ ఫిల్టరును గంటల లెక్కన ఠంచనుగా మార్చే రైతు ఇంట్లో కూడా మోటారుసైకిల్ ఫిల్టరు కొన్ననాటిదే ఉండటం చూస్తుంటాను. ఇంటిల్లిపాదీ ఎక్కేది మోటారుసైకిలే కదా.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్ 6 బండ్ల దారి వేరు. వాటిలో చాలావరకు కార్బొరేటరు లేదు. ట్యాంకు లోపల మునిగి ఉండే కరెంటు పంపు పెట్రోల్‌ను దాదాపు 3 బార్ల ఒత్తిడితో ఇంజెక్టరుకు పంపుతుంది. ఫిల్టరు చాలా బండ్లలో ఆ పంపుతోనే కలిసి ఉంటుంది. రోడ్డు పక్కన పైపు విప్పే ప్రయత్నం చేయకండి, బండి ఆపినా పైపులో ఒత్తిడి నిలిచి ఉంటుంది, కళ్లలోకి చిమ్ముతుంది. పంపు పోతే ఖర్చు వేలల్లో ఉంటుంది, అందుకని దాన్ని కాపాడుకోవాలి. పంపు చల్లగా ఉండేది చుట్టూ ఉన్న పెట్రోల్ వల్లే. రోజూ రిజర్వు గుర్తు వెలుగుతుండగా తిప్పితే పంపు వేడెక్కుతుంది, అడుగు మడ్డిని కూడా పీలుస్తుంది. నెలకొకసారైనా ట్యాంకు సగానికి పైన పోయించండి. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్యిమని వినిపించేది ఆ పంపే. ఆ చప్పుడు రోజూ వినే అలవాటు చేసుకుంటే, అది బొంగురు పోయిన రోజు, గట్టిగా మూలిగిన రోజు మీకే తెలుస్తుంది. ఆ వారమే సర్వీసింగు సెంటరుకు తీసుకపోండి.

బంకులో పెట్రోల్ మీద అనుమానం వస్తే అడిగే హక్కు మీకుంది. ఫిల్టరు పేపరు పరీక్ష చేయమనండి. పేపరు మీద ఒక చుక్క వేస్తారు, ఆవిరయ్యాక మరక మిగలకూడదు. కొలత మీద అనుమానమైతే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనండి. ఇవి బంకులో ఉండి తీరాలి, అడిగినందుకు ఎవరూ విసుక్కోకూడదు.

పాత ఫిల్టరును పొయ్యిలో వేయకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. అందులో పెట్రోల్ చాలాసేపు ఉంటుంది. ఎండలో పూర్తిగా ఆరాక పారేయండి. కొత్తదాని మీద మార్చిన తేదీ, మీటరు మీది కిలోమీటర్లు మార్కరుతో రాయండి. పెట్రోల్ తగిలితే చెరిగిపోతుంది కాబట్టి పైన పారదర్శకమైన టేపు చుట్టండి. ఇంట్లో ఆ బండి నడిపే అబ్బాయికీ అమ్మాయికీ ఆ రాత ఎక్కడుందో చూపించండి.